దీర్ఘకాల శోథ, పెద్దవయసు ఎముకలు

దెబ్బ తగిలినప్పుడో, సూక్ష్మజీవి చొరబడినప్పుడో రోగనిరోధక వ్యవస్థ చేసే ఎదురుదాడిని వైద్యులు శోథ అంటారు. పని ముగిశాక అది చల్లారాలి. చల్లారకుండా సన్నని సెగలా ఏళ్ల తరబడి సాగితే కీళ్లు, రక్తనాళాలతో పాటు ఎముక కూడా దెబ్బతింటుంది. నలభై అయిదు దాటినవారిలో ఎముకలు గుల్లబారడానికి కాల్షియం, విటమిన్ డి లోపాలే కారణమని చాలాకాలం అనుకున్నారు. ఆ లెక్కలో శోథ వాటా కూడా ఉందని గత యాభై ఏళ్ల పరిశోధన తేల్చింది. ఆ వాటా ఎంత అన్నది మనిషిని బట్టి, జబ్బును బట్టి మారుతుంది.

క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ శోథకు నాలుగు గుర్తులు చెప్పాడు: ఎర్రదనం, వాపు, వేడి, నొప్పి. మన వాడుకలో ఉన్న మంట, వాపు, కాక, సలుపు అనే మాటలూ ఇంచుమించు వాటినే పట్టి చూపిస్తాయి. చీము పట్టిన కురుపుకి, బెణికిన మడమకి ఆ మాటలు చక్కగా సరిపోతాయి. పెద్దవయసులో ఎముకను తినే శోథకు మాత్రం వీటిలో ఏ ఒక్కటీ కనబడకపోవచ్చు. ఎక్కడా ఎర్రబడదు, వాయదు, జ్వరం రాదు. రక్తంలో కొన్ని ప్రోటీన్లు ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువ ఉంటాయి, అంతే. వయసుతో పాటు పెరిగే ఈ సెగకు 2000లో ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాంచెస్కీ ‘ఇన్‌ఫ్లమేజింగ్’ అని పేరు పెట్టాడు. ఇన్‌ఫ్లమేషన్, ఏజింగ్ అనే రెండు మాటలను కలిపి చేసిన పేరది. ఈ వ్యాసంలో ఇకపై ‘మంట’ అంటే శోథ అని, చాలాచోట్ల ఆ కనబడని సెగ అని అర్థం చేసుకోవాలి.

ఎముకలో నిత్యం జరిగే పని

ఎముక చూడటానికి రాయిలా ఉంటుంది గానీ అందులో కూల్చడం, కట్టడం ఎప్పుడూ సాగుతూనే ఉంటాయి. ఆస్టియోక్లాస్ట్ అనే కణాలు పాత ఎముకను తవ్వుతాయి. ఆస్టియోబ్లాస్టులు ఆ గుంటను కొత్త ఎముకతో పూడుస్తాయి. కట్టడంలో భాగంగా లోపలే చిక్కుకుపోయిన ఆస్టియోసైట్లు ఎక్కడ బరువు పడుతోందో, ఎక్కడ పగులు వచ్చిందో కనిపెట్టి కబురు పంపుతాయి. పెద్దవారి అస్థిపంజరంలో ఏడాదికి సుమారు పదో వంతు ఇలా కొత్తదవుతుంది. తవ్వకం రెండు మూడు వారాల్లో అయిపోతుంది, పూడ్చడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. గోడ కూల్చిన వేగంతో ఎవరూ గోడ కట్టలేరు కదా. తవ్వకాలు ఒక్కసారిగా పెరిగితే, కట్టేవాళ్లు ఎంత కష్టపడినా వెనకబడటం ఖాయం.

వెన్నుపూసను నిలువునా కోసి భూతద్దం కింద పెడితే తేనెపట్టులా సన్నని ఎముక పలకలు, పుల్లలు అల్లుకుని కనిపిస్తాయి. ఆస్టియోక్లాస్ట్ ఆ పలక మీద కూర్చుని, తన అంచులను గట్టిగా అతికించుకుని, కింద మూసుకుపోయిన చోట ఆమ్లం వదులుతుంది. ఖనిజం కరుగుతుంది. తర్వాత కెథెప్సిన్-కె అనే ఎంజైము కొల్లాజెన్ పోగులను తెంపుతుంది. గుంట లోతు పెరిగి పలక ఈ పక్క నుంచి ఆ పక్కకు తూటు పడిందంటే నష్టం శాశ్వతమవుతుంది. మళ్లీ కట్టడానికి ఆస్టియోబ్లాస్టుకు నిలబడే తావే ఉండదు. ముప్పై ఏళ్లకు అటూ ఇటూగా కూడబెట్టుకున్న గరిష్ఠ ఎముక రాశిని ఆ తర్వాత ఖర్చు పెట్టుకోవడమే గానీ పెద్దగా పెంచుకోలేం. అందుకు కారణాల్లో ఈ తూట్లు ఒకటి.

ఈ తవ్వే కణాల పుట్టుక చూస్తే శోథతో వాటి బంధుత్వం తెలుస్తుంది. అవి ఎముక కణాల సంతతి కావు. రక్తంలో తిరిగే మోనోసైట్ వంశానికి చెందినవి. సూక్ష్మజీవులను మింగే మ్యాక్రోఫేజులకు దాయాదులు. అనేక మోనోసైట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒక పెద్ద ఆస్టియోక్లాస్ట్ అవుతాయి. వీటి పుట్టిల్లు ఎముక లోపలి మూలుగ, రోగనిరోధక కణాలదీ అదే పుట్టిల్లు. వేరుపడినా ఒకే వంటింట్లో రెండు పొయ్యిలు పెట్టుకున్న తోడికోడళ్ల కాపురంలాంటిది ఇది. ఒక పొయ్యి పొగ రెండోవారి కళ్లలోకి పోక తప్పదు.

కబురు మోసే అణువులు

ఈ సంగతి మొదట బయటపడింది పంటి పాచి దగ్గర. 1972లో అమెరికా పరిశోధకులు మనిషి రక్తంలోని తెల్లకణాలను పంటి పాచిలోని పదార్థంతో రెచ్చగొట్టి, అవి పెరిగిన ద్రవాన్ని తీసి ఎలుక పిండాల ఎముకల మీద పోశారు. ఎముక కరిగింది. ఆ ద్రవంలో ఏముందో అప్పటికి తెలియక ‘ఆస్టియోక్లాస్టును ఉసిగొలిపే పదార్థం’ అని పిలిచారు. అందులో ప్రధానమైనది ఇంటర్‌ల్యూకిన్-1 అని 1980లలో తేలింది. ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-17, టీఎన్‌ఎఫ్ అనే మంట అణువులు కూడా ఆ పనే చేస్తాయని తర్వాత తెలిసింది. చిగుళ్లవాపు ముదిరినవారి పళ్లు ఎందుకు కదులుతాయో ఆ ప్రయోగం చెప్పేసింది. పాచిలోని సూక్ష్మజీవులు నేరుగా దవడను తినవు. వాటిని చూసి రేగిన మన కణాలే తినిపిస్తాయి. పెద్దవారి ఒంట్లో మంటకు ఎముక లోనయ్యే తీరును కంటితో చూడాలంటే కదిలే పన్నే తొలి సాక్ష్యం. పన్ను పీకించి ఊరుకుంటాం గానీ చిగురు సంగతి పట్టించుకోం.

1997, 1998లలో మిగతా గుట్టు విడింది. ఆస్టియోక్లాస్టు కావలసిన కణం మీద ర్యాంక్ అనే తాళం ఉంటుంది. ర్యాంక్-ఎల్ అనే అణువు దానికి తాళంచెవి. ఆ చెవి పడితేనే తవ్వే కణం పుడుతుంది. ఆస్టియోప్రొటెజెరిన్ అనే మరో ప్రోటీను దొంగ తాళంలా అడ్డుపడి చెవిని తనలో ఇరికించుకుంటుంది. తవ్వకం ఎంత జరగాలన్నది చెవులకూ దొంగ తాళాలకూ ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుంది. మంట అణువులు చెవుల సంఖ్య పెంచుతాయి. అక్కడితో ఆగవు. స్క్లెరోస్టిన్, డీకేకే-1 లాంటి అణువుల ద్వారా కట్టే కణాల చేతులు కూడా కట్టేస్తాయి. ఒక పక్క కూల్చివేత, మరో పక్క మేస్త్రీల సమ్మె. ఎముక, రోగనిరోధకత కలిసే ఈ రంగానికి ఆస్టియోఇమ్యునాలజీ అన్న పేరు 2000లో వచ్చింది.

ముట్లుడిగాక

అమెరికా వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ ముట్లుడగడానికీ ఎముకలు గుల్లబారడానికీ ఉన్న సంబంధాన్ని 1940లోనే గుర్తించాడు. ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముక తగ్గుతుందని ఆయన చెప్పాడు. ఎలా తగ్గుతుందో తెలియడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. ఈస్ట్రోజెన్ రోగనిరోధక కణాలకు పగ్గం లాంటిది. పగ్గం తెగితే వాటిలో టీ-కణాలనేవి టీఎన్‌ఎఫ్‌ను ఎక్కువగా వదులుతాయి. అండాశయాలు తీసేసిన మామూలు ఎలుకల ఎముక కరిగింది గానీ, టీ-కణాలు లేకుండా పుట్టిన ఎలుకల్లో ఆ నష్టం కనబడలేదు. పేగుల్లో సూక్ష్మజీవులు ఏవీ లేకుండా పెంచిన ఎలుకల్లోనూ కనబడలేదు. 2007లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు ముట్లుడిగిన స్త్రీలకు టీఎన్‌ఎఫ్‌నో, ఇంటర్‌ల్యూకిన్-1నో అడ్డుకునే మందులిచ్చి చూస్తే, ఎముక కరుగుతోందని చెప్పే రక్త, మూత్ర సూచికలు మందులు లేనివారిలో పెరిగినంతగా పెరగలేదు. అంటే ఇది ఎలుకల ముచ్చట మాత్రమే కాదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయానికి వేరే బరువుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో కెల్లా ఈ రెండు రాష్ట్రాలే ముందున్నాయి. వీరిలో చాలామందికి ఆపరేషన్ ముప్పైల్లోనే జరిగింది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కరోజులో పడిపోతుంది. అండాశయాలు మిగిల్చినా ముట్లుడిగే దశ కొన్నేళ్లు ముందుకు జరిగే అవకాశం ఉంది. యాభైలో మొదలవ్వాల్సిన తవ్వకం ముప్పై అయిదుకే మొదలైతే, అరవై అయిదేళ్ల నాటికి ఆ ఎముక మీద పదిహేనేళ్ల అదనపు అరుగుదల పడుతుంది. ‘పిల్లలు పుట్టారుగా, ఇంక దాంతో పనేముంది’ అని తేలిగ్గా తీసుకునే ఆ నిర్ణయంలో ఎముక ప్రస్తావన దాదాపు రాదు. రావాలి.

పురుషుల్లో ఇంత హఠాత్తు మలుపు ఉండదు. డెబ్బై దాటాక నెమ్మదిగా వాళ్లూ అదే దారి పడతారు. తుంటి విరిగాక ఏడాదిలోపు చనిపోయే ప్రమాదం మాత్రం స్త్రీల కంటే పురుషులకే ఎక్కువ.

పొట్ట, కండ, చక్కెర

ఒళ్లు ఉంటే ఎముక గట్టిగా ఉంటుందని ఒక నమ్మకం. మోసే బరువు ఎముకకు మేలు చేస్తుంది కాబట్టి అందులో కొంత నిజం ఉంది. పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు మాత్రం ఊరికే కూర్చోదు. అందులో చేరిన మ్యాక్రోఫేజులు ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ వదులుతూనే ఉంటాయి. రెండో రకం మధుమేహం ఉన్నవారిలో ఎముక సాంద్రత మామూలుగానో, ఎక్కువగానో కనబడుతుంది, అయినా వారి ఎముకలు ఎక్కువగా విరుగుతాయి. చక్కెర అంటుకుని బిరుసెక్కిన కొల్లాజెన్, ఆగని మంట, చూపు తగ్గి పాదాలు మొద్దుబారి పడిపోవడం, ఇవన్నీ అందుకు కారణాలే.

ఇంటర్‌ల్యూకిన్-6ను దుష్టపాత్రగా తీర్మానించేముందు ఒక మాట. వ్యాయామం చేసేటప్పుడు కండలు కూడా దాన్నే వదులుతాయి. గంటలోనో రెండు గంటల్లోనో దిగిపోయే ఆ పెరుగుదల శరీరంలోని మంటను తగ్గించే అణువులను పిలుస్తుంది. రోజంతా సన్నగా కారేదే చేటు చేస్తుంది. కొళాయి తిప్పి నీళ్లు వాడుకోవడం వేరు, గోడలోపల గొట్టం చెమర్చడం వేరు.

బయటికి కనబడే జబ్బులు, వాటి మందులు

కీళ్లవాతంలో (రుమటాయిడ్ ఆర్థరైటిస్) ఎముక మూడు విధాల దెబ్బతింటుంది. కీలు అంచులు కొరికినట్టవుతాయి, కీలు పక్కనున్న ఎముక పలచబడుతుంది, ఒంట్లోని మిగతా ఎముకలూ గుల్లబారతాయి. ఎముక విరిగే ముప్పును అంచనా వేసేందుకు షెఫీల్డ్ విశ్వవిద్యాలయం 2008లో తెచ్చిన ఫ్రాక్స్ లెక్కలో ఈ జబ్బుకు ప్రత్యేకంగా ఒక గడి ఉంది. పేగుల శోథ వ్యాధులు, పొగతాగేవారి ఊపిరితిత్తుల జబ్బు, సొరియాసిస్, మూత్రపిండాల జబ్బు కూడా ఈ వరసలోవే. వెన్ను బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ మాత్రం విడ్డూరమైనది. పూసల అంచుల్లో కొత్త ఎముక మొలిచి వెన్ను వెదురుగెడలా అతుక్కుపోతుంది, అదే పూసల లోపలి ఎముక మాత్రం గుల్లబారుతుంది. ఒకే మంట ఒకచోట కడుతుంది, అర అంగుళం అవతల కూలుస్తుంది.

ఇక మందు సంగతి. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ 1948లో కీళ్లవాతం రోగికి కార్టిసోన్ ఇచ్చాడు. మంచం దిగలేని మనిషి కొద్ది రోజుల్లో నడిచింది. 1950లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. శరీరంలో ఇదే జాతి స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ ఎక్కువయ్యే జబ్బులో ఎముకలు పలచబడతాయని హార్వే కుషింగ్ 1932లోనే రాసిపెట్టాడు. స్టెరాయిడ్ మంటను ఆర్పుతుంది నిజమే, ఆ చేత్తోనే ఎముక కట్టే కణాలను చంపుతుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే నష్టం వేగంగా జరుగుతుంది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 2.5 మిల్లీగ్రాములు గానీ అంతకంటే ఎక్కువ గానీ మూడు నెలలు దాటి వాడాల్సినవారికి ఎముక పరీక్ష గురించి ఆలోచించాలని అమెరికా రుమటాలజీ వైద్యుల మార్గదర్శకాలు చెబుతాయి.

మన ఊళ్లలో ఈ మందు చీటీ లేకుండా తిరుగుతుంది. 2005-06లో ఆంధ్రప్రదేశ్‌లో చికున్‌గున్యా విరుచుకుపడినప్పుడు జ్వరం వారంలో తగ్గినా కీళ్ల నొప్పులు కొందరిని నెలల తరబడి వదల్లేదు. అలాంటి నొప్పులకు ‘ఒక్క సూది వేస్తే లేచి తిరుగుతారు’ అనే మాట ఎవరికైనా తీపిగానే ఉంటుంది. మొహం గుండ్రంగా ఉబ్బి, చర్మం పలచబడి, చిన్న దెబ్బకే నల్లగా కమిలిపోతున్న పెద్దావిడ ‘పసరు మందు పొడి’ వాడుతున్నానని చెబితే ఆ పొట్లంలో ఏముందో అనుమానించాలి. నాటు మందుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వాడుతున్నవారు ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే. వైద్యుడి లెక్క ప్రకారం మెల్లగా తగ్గించాలి.

జనంలో చేసిన అధ్యయనాలు

మంటను కొలవడానికి ఎక్కువగా వాడేది సీఆర్‌పీ పరీక్ష. న్యుమోనియా రోగుల రక్తంలో 1930లో కనుగొన్న ఈ ప్రోటీనును కాలేయం తయారు చేస్తుంది, ఇంటర్‌ల్యూకిన్-6 చేయిస్తుంది. ఉత్తర ఇటలీలోని బ్రూనెక్ అనే చిన్న పట్టణంలో 1990 నుంచి పదిహేనేళ్ల పాటు తొమ్మిది వందల మంది నడివయసు, పెద్దవయసు వారిని గమనించారు. సీఆర్‌పీ బాగా ఎక్కువున్న వర్గంలో ఎముకలు విరగడం, తక్కువున్న వర్గంతో పోలిస్తే తొమ్మిది రెట్లు ఎక్కువగా కనిపించింది. అంత పెద్ద అంకె తర్వాత ఇతరులకు దొరకలేదు. అమెరికాలో 70 నుంచి 79 ఏళ్ల వారి మీద జరిగిన హెల్త్ ఏబీసీ అధ్యయనం (2007) పలు మంట సూచికలు కొలిచింది. మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ సూచికలు పెరిగినవారికి ముప్పు రెండున్నర రెట్లు దాటింది. నడివయసు అమెరికన్ స్త్రీలను అనుసరించిన స్వాన్ అధ్యయనంలో లీటరుకు 3 మిల్లీగ్రాముల సీఆర్‌పీ దాటాక ముప్పు పెరగడం మొదలైంది.

బ్రూనెక్‌లోనూ స్వాన్‌లోనూ సీఆర్‌పీకి ఎముక సాంద్రతతో సంబంధం కనబడలేదు. విరగడంతోనే కనబడింది. సాంద్రత కొలిచే డెక్సా యంత్రం ఖనిజం ఎంతుందో చెబుతుంది, అది ఎలా అల్లుకుందో చెప్పలేదు. ఈ తేడా తెలియాలంటే నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరోసిస్ బాధితులను తలచుకుంటే చాలు. వాళ్ల ఎముకలు ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా మెరుస్తాయి. పెళుసుగానూ ఉంటాయి.

అలాగని సీఆర్‌పీయే ఎముకను తింటోందనుకోకూడదు. రోటర్‌డామ్ పరిశోధకులు పుట్టుకతోనే ఆ ప్రోటీను ఎక్కువ ఉండే జన్యువులున్నవారిని పరిశీలిస్తే వారి ఎముకలు అదనంగా విరగడం లేదు. అది పొగ మాత్రమే, నిప్పు వేరే చోట ఉంది. ఈమధ్య రక్తపరీక్ష కాగితంలోని ప్లేట్‌లెట్లను న్యూట్రోఫిల్స్‌తో గుణించి, లింఫోసైట్లతో భాగించి వచ్చే ‘ఎస్ఐఐ’ అనే సూచికకూ ఎముక సాంద్రతకూ లంకె చూపే పత్రాలు కుప్పలుగా వస్తున్నాయి. వీటిలో ఎక్కువభాగం ఒకే రోజు ఒకే మనిషిని కొలిచిన సర్వే అంకెల మీద ఆధారపడినవే. మంట వల్ల ఎముక తగ్గిందో, నడవలేక కూర్చోవడం వల్ల రెండూ చెడ్డాయో అవి చెప్పలేవు. ఎముక కోసమని ఆ పరీక్షలు చేయించుకోవాల్సిన పని ఇప్పటికైతే లేదు.

గుర్తించడం, కాపాడుకోవడం

గుల్లబారిన ఎముక విరిగేదాకా నొప్పి పుట్టదు. వెన్నుపూస అణిగిపోయినా చాలామంది నడుం పట్టిందనుకుని బామ్ రాసుకుంటారు. ఇంట్లో కనిపెట్టగల గుర్తులు కొన్ని ఉన్నాయి. ఎప్పటిలాగే కట్టుకున్న చీర కుచ్చిళ్లు నేల రాస్తుంటాయి. నిరుడు అందిన అటక మీది డబ్బా ఈ ఏడు అందదు. వీపు గూని తేలి జాకెట్టు వెనక పట్టేస్తుంటుంది. ఎత్తు తగ్గిందంటే పూసలు అణిగాయేమో చూడాలి. డెక్సా పరీక్ష ఇచ్చే టీ-స్కోరు అనే అంకె -2.5 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే బోలు ఎముకల వ్యాధిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్ణయించింది.

తిండి విషయంలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన స్త్రీలకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. తిరుపతి ప్రాంతంలో చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో జనం తిండిలో కాల్షియం తక్కువ, దాన్ని పట్టేసే ఫైటేట్ ఎక్కువ అని తేలింది. అంత ఎండ కాసే చోట విటమిన్ డి కూడా తక్కువే ఉంది. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా కాల్షియం ఉంటుంది. రాత్రి పులియబెట్టిన రాగి అంబలిలో ఫైటేట్ కొంత విరుగుతుంది కాబట్టి పాత అలవాటే మేలు. లోపం లేనివారు విటమిన్ డి మాత్రలు మింగడం వల్ల ఎముకలు విరగడం తగ్గదని దాదాపు 26 వేల మంది మీద చేసిన వైటల్ అధ్యయనం 2022లో చూపింది. పసుపు గురించి అందరూ అడుగుతారు. గాజు నాళికలో పసుపులోని కర్కుమిన్ మంట అణువులను అణచుతుంది గానీ, మింగితే పేగు నుంచి రక్తంలోకి చేరేది బహు తక్కువ. అది ఎముక విరగకుండా ఆపుతుందనడానికి రుజువు లేదు. కూరలో వేసుకోవడానికి ఏ అభ్యంతరమూ లేదు.

చిగుళ్లు శుభ్రం చేయించుకోవడం, పొగ మానడం, పొట్ట తగ్గించుకోవడం, బరువు మోసే నడక, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేవడం లాంటి కండ వ్యాయామం మంటనూ ఎముకనూ ఒకేసారి చూసుకుంటాయి. కీళ్లవాతం ఉన్నవారికి ఆ జబ్బును అదుపులో పెట్టడమే ఎముకకు తొలి వైద్యం. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందులు వారిలో ఎముక అరుగుదలను నిలువరించినట్టు కనిపించింది. వాతం లేని మామూలు పెద్దలకు ఎముక కోసమని మంట తగ్గించే మందులు ఇవ్వరు. నొప్పి మాత్రలు ఎముకను కాపాడవు, రోజూ మింగితే మూత్రపిండాలను పాడుచేస్తాయి.

పైగా మంట పూర్తిగా లేకపోయినా కష్టమే. ఎముక విరిగిన చోట మొదటి రోజుల్లో గడ్డకట్టిన రక్తంలో రేగే శోథే అతుకుడుకి నాంది. పుత్తూరు కట్టు కట్టినా, ఆసుపత్రిలో సిమెంటు పట్టీ వేసినా లోపల అతికించేది అదే. పెద్దవయసులో ఆ తొలి మంట ఆలస్యంగా రేగి, ఆలస్యంగా చల్లారుతుంది కనుక అతుకుడూ ఆలస్యమవుతుంది. తుంటి విరిగినప్పుడు మాత్రం కట్టుతో మంచాన పడుకోబెట్టడం తగదు. వీలైనంత త్వరగా ఆపరేషన్ చేసి నిలబెట్టాలి. కదలని పెద్దవారిని ఊపిరితిత్తుల నెమ్ము, పడక పుండ్లు తీసుకుపోతాయి.

మందుల్లో ఎక్కువగా వాడేది అలెండ్రొనేట్. వారానికొక మాత్ర, పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకోవాలి. అరగంట సేపు నడుం వాల్చకూడదు, కాఫీ కూడా తాగకూడదు. వాలిస్తే మాత్ర అన్నవాహికను కాలుస్తుంది. పాలతో వేసుకుంటే ఒంటపట్టదు. 2010లో అమెరికా అనుమతి పొందిన డెనోసుమాబ్ సరిగ్గా ర్యాంక్-ఎల్ చెవినే పట్టుకుంటుంది, దొంగ తాళం చేసే పనిని సూదిమందు చేస్తుందన్నమాట. ఆర్నెల్లకోసారి వేయించుకోవాలి. డబ్బు చాలకో, బాగానే ఉందనుకునో మధ్యలో ఆపేస్తే, అణచి ఉంచిన తవ్వకమంతా ఒక్కసారిగా లేచి వెన్నుపూసలు వరసగా విరిగిన ఉదంతాలున్నాయి. మొదటి సూది వేసే రోజే, ఆపాల్సి వస్తే దాని స్థానంలో ఏ మందు వాడతారో వైద్యుణ్ణి అడిగి రాయించుకోవాలి.